హాలులో మూడు రోజులా, మడిలో ఒక పంట కాలమా? వ్యవసాయ సిబ్బందికి ఏ శిక్షణ మేలు?

మండల వ్యవసాయాధికారిగా ఉన్నన్నాళ్లూ గ్రామ వ్యవసాయ సహాయకుల్ని ఏటా ఏదో ఒక శిక్షణకు పంపేవాణ్ణి. వెళ్లొచ్చాక ఎవరికి ఎంత వంటబట్టిందో తెలుసుకోవడానికి నేను పరీక్ష పెట్టలేదు. రైతు వచ్చి "ఏం మందు కొట్టమంటారు?" అన్నప్పుడు వాళ్ల నోట మొదట ఏ మాట వస్తుందో చూసేవాణ్ణి. హాలులో నేర్చుకుని వచ్చినవాళ్లు మందు పేరు చెప్పేవాళ్లు. పొలంలో నేర్చుకున్నవాళ్లు "పదండి, ముందు చేను చూద్దాం" అనేవాళ్లు.

అలాగని హాలు శిక్షణ దండగ అనను. సబ్సిడీ విత్తనాల నిబంధనలు, పంట నమోదు యాప్, ఎరువుల లెక్కలు లాంటివి అరవై మందికి ఒకే రోజు చెప్పాలంటే అంతకంటే చవకైన దారి లేదు. తంటా అంతా పంట విషయానికొచ్చినప్పుడే. ఒక ఏడాది పత్తిలో గులాబీ రంగు పురుగు మీద రెండు రోజుల శిక్షణ ఫిబ్రవరిలో పెట్టారు. అప్పటికి మా వైపు పత్తి కట్టె పీకేసి ఉంది. మార్చి లోపు నిధులు ఖర్చు కావాలి కదా! ఆ పురుగు చేరిన కాయ బయటికి నిగనిగలాడుతూనే ఉంటుంది. చేలో అక్కడక్కడా ఇరవై పచ్చికాయలు కోసి, చీల్చి చూడాలి. రెండింట్లో పురుగు ఉంటే మందు కొట్టే దశకు వచ్చినట్టు. తెర మీద ఆ బొమ్మ చూసిన మావాళ్లు మళ్లీ పత్తి కాయ పట్టుకునేసరికి ఎనిమిది నెలలు గడిచిపోయాయి.

రెండోది పంట కాలమంతా సాగే శిక్షణ, మన పొలంబడి పద్ధతి. దీని పుట్టిల్లు ఇండోనేషియా. అక్కడ మందులు కొట్టేకొద్దీ వరి రసం పీల్చే సుడిదోమ ఇంకా పెరిగింది. దోమను తినే సాలీళ్లు, మిరిడ్ నల్లులు ముందు చచ్చిపోవడమే కారణం. 1986లో ఆ ప్రభుత్వం వరిపై 57 రకాల పురుగుమందుల్ని నిషేధించింది. 1989లో పొలంబడులు మొదలయ్యాయి. అందులో నాకు నచ్చింది ఒకటుంది. రైతులకు నేర్పబోయేవాళ్లు ముందు తామే ఒక పంట కాలం వరి పండించాలి.

అలా నేర్చుకుని వచ్చిన అమ్మాయి ఒకరు మా మండలంలో పనిచేసింది. ఒక రోజు ఒక పెద్దాయన మందు డబ్బా చేత్తో పట్టుకుని గట్టు మీద నిలబడ్డాడు. ఈ అమ్మాయి చెప్పులు వదిలి మడిలో దిగింది. దుబ్బును వంచి రెండు తట్లు తట్టింది. నీళ్ల మీద పడ్డవాటిని వేలితో లెక్కపెట్టింది. అలా పది దుబ్బులు. దుబ్బుకు నాలుగైదుకు మించి దోమల్లేవు, సాలీళ్లు మాత్రం బాగానే ఉన్నాయి.

"ఇప్పుడు మందు వద్దు బాబాయ్. ముందు మడిలో నీళ్లు తీసెయ్యండి. గురువారం మళ్లీ వస్తాను."

"ఈలోగా దోమపోటు తగిలితే నష్టం నువ్విస్తావా అమ్మాయ్?"

ఆ ప్రశ్నకు తడబడకుండా నిలబడాలంటే పుస్తకం చాలదు. శిక్షణలో తన మడిలో సగానికి మందు కొట్టి, సగం వదిలేసి, ఏ సగంలో దోమ ఎక్కువైందో కళ్లారా చూసి వచ్చింది. అదే ఆయనకు చెప్పింది, గురువారం వెళ్లింది కూడా.

మరి అందరికీ అదే పెట్టొచ్చుగా అంటారా? సహాయకుల్ని ఒక పంట కాలం అక్కడే ఉంచితే ఊళ్లో పంట నమోదు ఎవరు చేస్తారు? ఇక్కడే పాత పద్ధతి ఒకటి గుర్తొస్తుంది. 1970లలో ప్రపంచ బ్యాంకు సాయంతో వచ్చిన 'శిక్షణ, సందర్శన' పద్ధతిలో పదిహేను రోజులకోసారి సిబ్బందికి పాఠం, మిగతా రోజుల్లో ఏ రోజు ఏ ఊరు వెళ్లాలో ఖాయం. పాఠం పంట దశకు తగ్గట్టు నడిచేది. అయితే పైనుంచి వచ్చిన సందేశాన్ని కిందికి మోయడమే తప్ప, రైతు మడిలో ఏముందో అడిగే అలవాటు అందులో తక్కువ. బ్యాంకు సొమ్ము ఆగాక అదీ ఆగిపోయింది.

ఫోన్లో శిక్షణ సంగతి రెండు మాటల్లో తేల్చేయొచ్చు. కొత్త పురుగు వచ్చినప్పుడు దానికి మించింది లేదు. 2018లో మొక్కజొన్న మీద కత్తెర పురుగు దిగినప్పుడు, తల మీద తిరగబడిన 'వై' గుర్తు, తోక దగ్గర చదరంగా నాలుగు చుక్కలు చూడమని ఒక్క ఫొటో పంపితే చాలు, గుర్తుపట్టొచ్చు. రోజూ గంటసేపు జూమ్ అంటే మాత్రం కెమెరా ఆపేసి వేరే పని చేసుకుంటారు. నేనూ అదే చేశాను.

ఒకటి మాత్రం మింగుడు పడదు. వ్యవసాయ విస్తరణలో శిక్షణ ఇచ్చే హైదరాబాద్ మేనేజ్ సంస్థ 2003లో మొదలుపెట్టిన డిప్లొమాలో పురుగుమందుల డీలర్లు సెలవు రోజు చొప్పున 48 వారాలు చదువుతారు. మంచిదే. మరి డీలరు రాసిచ్చిన మందు చీటీని సరిచూడాల్సిన మా సహాయకులకు మూడు రోజులా?

నన్నడిగితే పదిహేను రోజులకోసారి పూట శిక్షణే మేలంటాను, కానీ పాత పద్ధతిలో హాలులో కాదు, మండలంలోనే ఒక రైతు మడిలో. ఆదర్శ రైతు పొలం వద్దు, తెగులున్న పొలం కావాలి. పొద్దున్నే ఏడింటికి, మంచు ఆరకముందే. ఆ పూట జిల్లా నుంచి రిపోర్టు అడుగుతూ ఫోన్ రాకుండా చూసుకునే పూచీ మండల అధికారిది.