గ్రీకు దీవుల్లో చిన్న ఓడ: ఏ నెల, ఏ దారి, ఏ గది

గ్రీస్‌లో ‘సెయిలింగ్ క్రూజ్’ పేరుతో అమ్మేవాటిలో నిజంగా గాలితో నడిచేవి తక్కువ. ముప్పై నుంచి యాభై మంది పట్టే మోటార్ సెయిలర్లు (ఇంజిన్, తెరచాపలు రెండూ ఉన్న ఓడలు) చాలామటుకు ఇంజిన్ మీదే పోతాయి. గాలి అనుకూలిస్తే ఓ గంటసేపు తెరచాపలు విప్పుతారు, అందరూ ఫొటోలు తీసుకుంటారు, మళ్లీ చుట్టేస్తారు. వారంలో ఆరేడు దీవులు చూపించాలంటే పది నాట్ల (గంటకు సుమారు 18 కిలోమీటర్ల) వేగం కావాలి, అంత వేగానికి గాలిని నమ్ముకోలేరు. తెరచాప ప్రయాణమే ముఖ్యమనుకునేవారు స్టార్ క్లిపర్స్ వారి ‘స్టార్ ఫ్లయర్’ లాంటిది చూడాలి: నాలుగు తెరచాప స్తంభాలు, 16 తెరచాపలు, సుమారు 170 మంది ప్రయాణికులు. లేదంటే నలుగురైదుగురు కలిసి కెప్టెన్‌తో సహా 40-50 అడుగుల పడవ అద్దెకు తీసుకోవాలి. అందులో వంట, గిన్నెలు, తాడు లాగడం కొంతవరకు మన పనే.

అలాగని చిన్న ఓడకు పెట్టే డబ్బు దండగేమీ కాదు. లాభం తెరచాపలో కాక రేవులో ఉంది. మూడు వేల మంది ఎక్కే ఓడ చాలా దీవుల్లో దూరంగా ఆగి జనాన్ని చిన్న బోట్లలో దింపుతుంది, సాయంత్రానికల్లా అందరినీ ఎక్కించుకుని వెళ్లిపోతుంది. చిన్న ఓడ ముందువైపు లంగరు వేసి, వెనకభాగాన్ని ఊరి గట్టుకు ఆనించి తాళ్లతో కట్టేస్తుంది. గట్టుకు వేసిన పలక దాటితే హోటళ్ల బల్లలే. రాత్రి పదకొండింటి దాకా ఊళ్లో తిరిగి నడుచుకుంటూ వచ్చి పడుకోవచ్చు. అందుకే ప్యాకేజీ చూసేటప్పుడు ఎన్ని దీవులని లెక్కపెట్టకండి. ఎన్ని రాత్రులు రేవులో గడుస్తాయి, ఏ రేవు నుంచి ఎన్నింటికి బయల్దేరుతుంది అన్నది చూడండి. మధ్యాహ్నం రెండింటికి వచ్చి ఆరింటికి కదిలే దీవి లెక్కలో ఉన్నా లేనట్టే.

ఓడ కన్నా ముందు తేల్చుకోవాల్సింది నెల. జులై, ఆగస్టుల్లో గ్రీస్, టర్కీల మధ్యనున్న ఈజియన్ సముద్రం మీద ఉత్తరపు గాలి వీస్తుంది, పేరు మెల్తెమి. బాల్కన్ల మీద అధిక పీడనం, టర్కీ మీద అల్పపీడనం, ఆ రెండింటి మధ్య ఈ గాలి. మన అల్పపీడనంలా మబ్బు, వాన ఏమీ ఉండవు. ఆకాశం తళతళలాడుతూనే ఉంటుంది, కింద సముద్రం మాత్రం తెల్లటి నురగ కక్కుతుంది. గాలి బలాన్ని చెప్పే బోఫోర్ట్ కొలతలో 5, 6 మామూలే, 7 కూడా వస్తుంది, అంటే గంటకు 50-60 కిలోమీటర్లు. మొదలైతే మూడు నాలుగు రోజులు వదలదు. అప్పుడు కెప్టెన్ దారి మార్చేస్తాడు. ఈజియన్ నడుమనున్న సైక్లడీస్ దీవులని టికెట్ కొన్నవారు ఏథెన్స్ పక్కనున్న సరోనిక్ గల్ఫ్‌లో తేలవచ్చు. వాతావరణం వల్ల దారి మారితే డబ్బు వెనక్కి రాదని ఒప్పందంలో రాసే ఉంటుంది, సంతకం పెట్టేముందు ఆ పేరా చదవండి.

కాబట్టి సైక్లడీస్ (శాంటోరిని, మైకొనోస్, పారోస్, ఫొలెగాండ్రోస్) చూడాలంటే మే చివరి నుంచి జూన్ మధ్య వరకు, లేదా సెప్టెంబరు రెండో సగం మంచిది. మేలో నీళ్లు ఇంకా చల్లగా 19-20 డిగ్రీలుంటాయి. సెప్టెంబరులో వేసవి వేడి నిలిచి ఈతకు హాయిగా ఉంటుంది. పిల్లల సెలవుల వల్ల జులై తప్పదనుకుంటే సరోనిక్ దారి (ఎజీనా, పోరోస్, హైడ్రా, స్పెట్సెస్, నాఫ్ప్లియో) తీసుకోండి. నేల దగ్గరగా ఉండటంతో అల తక్కువ, ఒక దీవికీ మరో దీవికీ దూరమూ తక్కువ. హైడ్రాలో కార్లు లేవు, సామాన్లు గాడిదల మీదే పోతాయి. నాఫ్ప్లియో నుంచి ఎపిడారస్ పురాతన నాట్యశాలకు బస్సులో అరగంట పైనే. గ్రీస్ పడమటి తీరంలోని అయోనియన్ దీవులు (లెఫ్కాడా, ఇథాకా, కెఫలోనియా) ఇంకా నెమ్మది, చిన్న పడవ అద్దెకు తీసుకునే కుటుంబాలకు అదే మేలు.

గది విషయంలో ఏజెంట్లు కిటికీ సైజు చూపించి అమ్ముతారు. అసలు అడగాల్సింది గది ఓడలో ఎక్కడుందని. ముందువైపు కింది గదుల్లో ఉదయం ఐదున్నరకు లంగరు గొలుసు తలపక్కనే గలగలమని లేస్తుంది, ఆ చప్పుడుకు ఎవరూ పడుకోలేరు. వెనకవైపు ఇంజిన్, జనరేటర్ రొద. ఓడ మధ్యలో, కింది అంతస్తులో గది అయితే ఊపు తక్కువ. కిటికీ గుండ్రంగా చిన్నగా ఉంటుంది, తెరుచుకోదు, కానీ గదిలో గడిపేది నిద్రపోయే సమయమే. వాంతుల భయం ఉన్నవారు మెక్లిజిన్ లాంటి మాత్ర డాక్టర్‌ను అడిగి, ఓడ కదలడానికి గంట ముందే వేసుకోవాలి. తల తిరగడం మొదలయ్యాక వేసుకున్నది అంతగా పనిచేయదు.

పెద్దవాళ్లను తీసుకెళ్లేవారికి ఒక హెచ్చరిక. ఈ ఓడల్లో చాలావాటికి లిఫ్ట్ ఉండదు, మెట్లు నిటారుగా ఉంటాయి. గట్టుకు వేసే పలక సన్నం, కొన్నిచోట్ల ఒకవైపే తాడు, అలకు కిందామీదా ఆడుతుంది. సిబ్బంది చెయ్యి అందిస్తారు గానీ మోకాళ్ల నొప్పులున్నవారికి రోజుకు నాలుగుసార్లు అది దాటడం కష్టమే.

దీవుల సంగతికొస్తే, శాంటోరిని అందమైనదే, అక్కడి ఇబ్బందీ అంతే పెద్దది. అగ్నిపర్వతం కూలి ఏర్పడ్డ ఆ గుంట వందల మీటర్ల లోతు, లంగరు నేలకు అందడం కష్టం. అందుకని చాలా ఓడలు బోట్లలో దింపుతాయి. పాత రేవు నుంచి పైనున్న ఫీరా ఊరికి కేబుల్ కారు, లేదా సుమారు ఆరు వందల మెట్లు. ఆ మెట్లమీదే గాడిదలు కూడా నడుస్తాయి, పేడతో రాళ్లు జారతాయి, చెప్పులతో దిగకూడదు. పెద్ద ఓడలున్న రోజు మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా కేబుల్ కారుకు గంట పైనే క్యూ. ఓయాలో సూర్యాస్తమయం కోసం నిలబడి భుజాలు రాసుకునే బదులు ఉదయాన్నే అక్రోతిరికి వెళ్లడం మేలు. దాదాపు 3,600 ఏళ్ల కిందట బూడిదలో కప్పబడిన ఆ పట్టణం మీద కప్పు వేశారు, కాబట్టి ఎండ బాధ లేదు.

డెలోస్‌లో సరిగ్గా దీనికి వ్యతిరేకం, నీడ అన్నదే లేదు. టోపీ, లీటరు నీళ్లు లేకుండా దిగకండి. అపోలో పుట్టినచోటుగా కొలిచిన దీవి అది. 1990 నుంచి యునెస్కో జాబితాలో ఉంది, రాత్రి ఉండనివ్వరు. మైకొనోస్ పాత రేవు నుంచి బోటు అరగంట, గాలి పెరిగితే ముందుగా ఆగిపోయేది ఈ బోటే. మైకొనోస్‌లో ఓడ సాధారణంగా ఊరికి రెండు కిలోమీటర్ల దూరంలోని తుర్లోస్ కొత్త రేవులో ఆగుతుంది, అక్కడినుంచి ఊళ్లోకి సీబస్ అనే బోటు ఉంది. టాక్సీ కోసం చూసి సమయం పోగొట్టుకోకండి.

చిన్న ఓడ ఎక్కినందుకు ఫలితం కనిపించేది మాత్రం పేరు తక్కువ విన్న దీవుల్లోనే. కిథ్నోస్‌లో కొలోనా అనే సన్నటి ఇసుక పట్టీకి రెండువైపులా సముద్రం. అదే దీవిలో లూత్రా ఊరి తీరంలో వేడినీటి ఊట కాలవగా వచ్చి సముద్రంలో కలుస్తుంది. కలిసేచోట రాళ్లు పేర్చి చిన్న మడుగు చేశారు, నడుము దాకా వేడి, కాళ్ల కింద చల్లటి అల. టికెట్ లేదు. ఫొలెగాండ్రోస్‌లో రేవు నుంచి కొండ అంచునున్న ఖోరాకు (దీవిలోని ప్రధాన ఊరు) బస్సులో పది నిమిషాలు, ఊరి నడిబొడ్డున వాహనాలు తిరగవు. సిరోస్ రాజధాని ఎర్ముపోలిలో పాలరాతి వీధులు, 1864 నాటి అపోలో థియేటర్. జనం ఏడాదంతా ఉండే ఊరు కావడంతో ధరలూ మనుషులూ టూరిస్టుల కోసం మారిపోలేదు.

తిండి దగ్గర చాలా ఓడలు టిఫిను, ఒక పూట భోజనం ఇస్తాయి, ఇంకో పూట ఊళ్లో మన ఖర్చు. శాకాహారులు ఇబ్బంది పడక్కర్లేదు గానీ పేర్లు తెలిసుండాలి. శాంటోరిని ‘ఫావా’ మన ముద్దపప్పుకు దగ్గరి చుట్టమే, పైన ఆలివ్ నూనె, పచ్చి ఉల్లిపాయ. ‘బ్రియామ్’ అంటే ఓవెన్‌లో కాల్చిన కూరగాయలు, ‘జిగాంతెస్’ పెద్ద చిక్కుడు గింజలు. ‘గెమిస్తా’ అంటే టమోటా, క్యాప్సికంలలో కూరిన అన్నం, అందులో కొన్నిచోట్ల కైమా కలుపుతారు, అడిగి తీసుకోండి. ‘నిస్తీసిమో’ అన్న ఉపవాస భోజనంలో మాంసం, పాలు, గుడ్లు ఉండవు, కానీ రొయ్యలు, ఆక్టోపస్ ఉండొచ్చు. ఆవకాయ, కారప్పొడి గట్టిగా సీలు చేసి తీసుకెళ్లొచ్చు. నెయ్యి, కోవా, పాల మిఠాయిలు మాత్రం యూరోపియన్ యూనియన్‌లోకి రానివ్వరు, పచ్చి కరివేపాకు సంగతీ అంతే.

ఖర్చు: ఏడు రాత్రులకు ఇద్దరు పంచుకునే గదిలో మనిషికి రెండు నుంచి నాలుగు వేల యూరోలు. దీనికి పోర్టు పన్ను, సిబ్బంది టిప్పు (రోజుకు 10-15 యూరోలు), గైడుతో దీవి యాత్రలు కలపాలి. 2025 జులై నుంచి గ్రీస్ క్రూజ్ ప్రయాణికుల దగ్గర దిగే రుసుము తీసుకుంటోంది: జూన్-సెప్టెంబరు మధ్య శాంటోరిని, మైకొనోస్‌లలో 20 యూరోలు, మిగతా రేవుల్లో 5. అది టికెట్ ధరలో ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి.

వీసా షెంగెన్ (యూరప్ దేశాల ఉమ్మడి వీసా), రుసుము 90 యూరోలు, ఆరోగ్య బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. కొన్ని ఓడలు ఎఫెసస్ పురాతన నగర శిథిలాలు చూపించడానికి టర్కీలోని కుశాదాసికి వెళ్తాయి. అక్కడ అడుగుపెడితే షెంగెన్ దాటినట్టే, తిరిగి రావాలంటే మల్టిపుల్ ఎంట్రీ ఉండాలి, టర్కీ వీసా అవసరమో కాదో కూడా ఓడవారిని ముందే అడగాలి. ఈ రెండూ చూసుకోకపోతే ఆ ఓడ ఎక్కనివ్వకపోవచ్చు.

ఓడ ఎక్కే రోజే ఏథెన్స్‌లో దిగే టికెట్ కొనకండి. హైదరాబాద్ నుంచి గల్ఫ్‌లో విమానం మారి వచ్చేటప్పుడు ఒక విమానం ఆలస్యమైతే ఓడ ఆగదు. ముందురోజు వచ్చి ఏథెన్స్ రేవు పట్టణం పిరేయస్‌లో పడుకుంటే, ఎయిర్‌పోర్టు నుంచి మెట్రో మూడో లైను నేరుగా దిమోతికో థియాత్రో స్టేషన్‌కు గంటలో చేరుస్తుంది. చిన్న ఓడలు చాలావరకు బయల్దేరే జియా మెరీనా అక్కడికి నడిచిపోయేంత దూరమే. అక్రోపోలిస్ (ఏథెన్స్ కొండమీది పురాతన ఆలయాలు) చూడాలంటే ఓడ ఎక్కే రోజు పొద్దున ఎనిమిదింటి స్లాటు ముందుగా కొనుక్కోండి. వడగాల్పుల రోజుల్లో మధ్యాహ్నం మూసేస్తున్నారు. సామాన్లు మెత్తటి బ్యాగుల్లో పెట్టుకోండి, గట్టి సూట్‌కేసు మంచం కింద పట్టదు. దిగే రోజు ఉదయం ఎనిమిది, తొమ్మిదింటికల్లా గది ఖాళీ చేయాలి, తిరుగు విమానం ఒంటిగంట తరవాతది అయితే పరుగు ఉండదు.