పదహారేళ్లు విన్నాక: కెప్టెన్ అనౌన్స్‌మెంట్‌కి నా మార్కులు

ఉద్యోగం పుణ్యమా అని పదహారేళ్లుగా హైదరాబాద్ నుంచి విశాఖకో ఢిల్లీకో నెలకు రెండుసార్లైనా విమానం ఎక్కుతున్నాను. సీట్ల గురించి, సమోసాల గురించి అందరూ రాస్తారు. నేను రాసేది కాక్‌పిట్‌లోంచి వినిపించే గొంతు గురించి.

మామూలు రోజుల్లో ఎంత ఎత్తు, బయట ఎంత చలి అని చెబుతారు, విని మర్చిపోతాం. తేడా చేసిన రోజునే అసలు పరీక్ష.

విశాఖలో ఒక వానాకాలం సాయంత్రం. చక్రాలు దించారు, రన్‌వే దీపాలు కనిపిస్తున్నాయి. ఇక నేల తాకుతుందనగా ఇంజన్లు గర్జించి, విమానం ముక్కెత్తి మళ్లీ మబ్బుల్లోకి పోయింది. తర్వాత తొమ్మిది నిమిషాలు ఒక్క మాట లేదు. వాచీ చూస్తూ కూర్చున్నా కాబట్టి లెక్క తెలుసు. వెనక ఎవరో ఆంజనేయ దండకం అందుకున్నారు. ముందు వరసలో ఒకాయన చక్రాలు ఇరుక్కున్నాయని తేల్చేశాడు. ఆ మాట మూడు వరసలు దాటేసరికి ఇంజనే పోయింది! చివరికి కెప్టెన్ ఇంగ్లీషులో గబగబా ఏదో అన్నాడు. నాకు దొరికింది 'ట్రాఫిక్' ఒక్కటే. పక్కనున్న పెద్దావిడ "ఏమంటాడు బాబూ?" అంటే నీళ్లు నమిలాను.

కొన్నేళ్లకు ఢిల్లీలో అదే అనుభవం, వేరే కెప్టెన్. నాలుగు నిమిషాలకే మైకు అందుకున్నాడు. ముందు దిగిన విమానం రన్‌వే ఖాళీ చేయలేదు, అందుకే పైకి లేచాం, పావుగంటలో దిగుతాం. అంతే. జనం క్యాబుల గొడవలో పడిపోయారు.

పైలట్ల పక్షమూ చెప్పాలి. ముందు విమానాన్ని నడపడం, తర్వాత దారి చూసుకోవడం, ఆపైనే మాట్లాడటం అన్నది వాళ్ల సూత్రం. పైకి లేచిన మొదటి నిమిషాల్లో చక్రాలు, రెక్కల వెనకంచున ఉండే ఫ్లాప్‌లు, కింద నుంచి విమానాలకు దారి చెప్పే ఏటీసీ, చేతినిండా పనే. ఆ తెలివి నాకు ఆలస్యంగా వచ్చింది. ఇప్పుడు అయిదు నిమిషాలు ఉచితంగా ఇచ్చేస్తాను. ఆరో నిమిషం నుంచే మార్కుల కోత.

1982లో జావా మీద అగ్నిపర్వతం బూడిదలో చిక్కిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ జంబోలో కెప్టెన్ ఎరిక్ మూడీ, చిన్న సమస్య వచ్చింది, నాలుగు ఇంజన్లూ ఆగిపోయాయి, మళ్లీ నడిపించడానికి తంటాలు పడుతున్నాం అని చెప్పేశాడు. అందరూ క్షేమంగా జకార్తాలో దిగారు. అంత నిజం నేను తట్టుకోగలనా అంటే, ఏమో! అయితే 2010లో సింగపూర్ దగ్గర ఇంజన్ పేలిన ఆస్ట్రేలియా సంస్థ క్వాంటాస్ వారి ఏ380 విమానంలో, తోక మీది కెమెరా పుణ్యాన రెక్కలోంచి ఇంధనం కారడం ప్రయాణికులు సీటు ముందు తెరమీదే చూశారు. కళ్లకు కనపడ్డాక దాచేదేముంది? ఆ కెప్టెన్ డి క్రెస్పినీ దిగాక టెర్మినల్‌లో కూర్చోబెట్టి అంతా వివరించి, తన ఫోన్ నంబరూ ఇచ్చాడు.

నాకు అంత అక్కర్లేదు. నేను విన్న చప్పుడేంటి, ఇప్పుడేం చేస్తున్నారు, ఎంతసేపు: ఈ మూడూ చాలు. ఒకసారి ఒకాయన హైడ్రాలిక్స్ మీద, అంటే రెక్కల మీది పలకల్ని ద్రవ ఒత్తిడితో కదిలించే ఏర్పాటు మీద, పాఠమే చెప్పాడు. దిగేదాకా రెక్కల మీదనుంచి చూపు తిప్పుకోలేకపోయాను. అదే, రన్‌వే పక్కన ఫైరింజన్లు కనపడతాయి, ముందుజాగ్రత్తకే అని ముందే చెబితే వంద మార్కులు వేస్తాను.

మొత్తం మీద అయిదుకి మూడు. ఒకటి భాషకే పోయింది: విశాఖ విమానంలో కూడా తెలుగు ముక్క వినపడదు. పోయినేడు వాన వల్ల మమ్మల్ని చెన్నైకి మళ్లించినప్పుడు, కెప్టెన్ ఇంగ్లీషు, హిందీ అయ్యాక, సిబ్బందిలో ఒక తెలుగమ్మాయి వరసల మధ్య నడుస్తూ పెద్దవాళ్లకు చెప్పుకుంటూ వచ్చింది: "హైదరాబాద్‌లో వాన పెద్దగా ఉందమ్మా. చెన్నైలో దిగి, పెట్రోలు పోయించుకుని మళ్లీ వెళ్దాం." ఆ పూట దండకం వినపడలేదు.