ఎడిన్‌బరోలో మకాం, పల్లెల్లో గోల్ఫ్

స్కాట్లాండ్‌లో గోల్ఫ్ ఆడాలనుకునేవాళ్లకి ముందే చెప్పేస్తున్నా: మకాం ఎడిన్‌బరోలోనే పెట్టండి. పల్లెల్లో "గోల్ఫ్ ప్యాకేజీ" అని ఊరించే హోటళ్ల జోలికి పోకండి. నాకింత ఒళ్లు మంట ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

మొదట అనుకున్నది సగం రోజులు ఎడిన్‌బరో, సగం రోజులు తూర్పున సముద్రపు ఒడ్డున ఉండే ఈస్ట్ లోథియన్ పల్లెలు. నేనూ మా బావమరిదీ ఆడతాం. మా ఆవిడకి గోల్ఫ్ అంటే ఆవలింతలు, కోటలూ పాత వీధులూ అంటే ప్రాణం. సిటీలో ఉన్నన్నాళ్లూ ఎవరికీ ఏ లోటూ రాలేదు. కోట నుంచి నడిచి వెళ్లగలిగేంత దూరంలో బ్రంట్స్‌ఫీల్డ్ లింక్స్ అని ఒక పార్కు ఉంది. అందులో దగ్గర దగ్గరగా హోల్స్ (బంతిని వేసే గుంతలు) ఉండే చిన్న గోల్ఫ్ కోర్సులో వేసవిలో ఎవరైనా ఉచితంగా ఆడుకోవచ్చు. దిగిన రోజే చేతులు సాపు చేసుకున్నాం.

తర్వాత ఈస్ట్ లోథియన్‌లో ఒక పల్లె హోటల్‌కి మారాం. గది రాత్రికి 190 పౌండ్లు, "కోర్సు వ్యూ" కావాలంటే ఇంకో 25. కర్టెన్ తీస్తే ఎదురుగా లాండ్రీ వ్యాను, దాని వెనక గుబురు కంచె, కంచె పైన గాలికి ఊగుతున్న జెండా కొస. అదే వ్యూ అట!

మాకు టీ టైమ్, అంటే ఆట మొదలుపెట్టాల్సిన సమయం, ఉదయం 8:10కి. వాళ్ల బ్రేక్‌ఫాస్ట్ మొదలయ్యేది 8:30కి. గోల్ఫర్ల కోసమే నడుపుతున్నామని చెప్పుకునే హోటల్ ఇది. పార్సిల్ అడిగితే మనిషికి 14 పౌండ్లన్నారు. మచ్చలు పడ్డ అరటిపండు, ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన చీజ్ శాండ్‌విచ్, చిన్న జ్యూస్ డబ్బా చేతిలో పెట్టారు. ప్యాకేజీలో ఎలాగూ కట్టిన బ్రేక్‌ఫాస్ట్ డబ్బులు మాత్రం తగ్గించరు.

ఆ రోజే వాన దంచికొట్టింది. తడిసిన బట్టలు, బూట్లు ఆరబెట్టుకునే గది ఉందని ప్రకటనలో పెద్ద అక్షరాలతో వేశారు. వెళ్లి చూస్తే తాళం. తాళంచెవి మేనేజర్ దగ్గర, ఆయన సోమవారం గానీ రారు. బావమరిది అర్ధరాత్రి దాకా హెయిర్ డ్రయర్‌తో బూట్లు ఆరబెడుతూ "బావా, ఈ డబ్బుతో ఇంకో రెండు రౌండ్లు ఆడేవాళ్లం కదా" అని సణుగుతూనే ఉన్నాడు. మా ఆవిడకి అక్కడ తోచే పనే లేదు. బస్సు గంటకొకటి, స్టేషన్‌కి టాక్సీ 18 పౌండ్లు. ఆవిడ ఒక్క మాటా అనలేదు. నాకు అదే ఎక్కువ టెన్షన్.

బిల్లులో ఇంకో వాత: గోల్ఫ్ క్లబ్బులు (బంతిని కొట్టే కర్రలు) దాచినందుకు బ్యాగుకి 10 పౌండ్లు. రిసెప్షన్‌లో అమ్మాయి నవ్వుతూ తలుపు వెనక అంటించిన రేట్ల కాగితం చూపించింది. అరగంట వాదిస్తే ఒక బ్యాగుది తీసేశారు. బుక్ చేసుకున్న గడువు ఇంకా ఉన్నా ఎడిన్‌బరోకి తిరిగొచ్చేశాం.

అసలు మజా ఆ తర్వాతే. వేవర్లీ స్టేషన్‌లో రైలెక్కితే అరగంటలో నార్త్ బెరిక్. స్టేషన్ నుంచి అక్కడి గోల్ఫ్ కోర్సు వెస్ట్ లింక్స్‌కి నడిచే వెళ్లొచ్చు. పదమూడో హోల్‌లో గ్రీన్ (గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి) ముందు అడ్డంగా రాతిగోడ ఉంటుంది. నా బంతి దానికి కొట్టుకుని నా కాళ్ల దగ్గరికే తిరిగొచ్చింది. అప్పటిదాకా మొహం మాడ్చుకున్న బావమరిది పగలబడి నవ్వాడు. పదిహేనో హోల్ పేరు రెడాన్. ప్రపంచమంతా కాపీ కొట్టిన పార్ 3 (మూడు దెబ్బల్లో ముగించాల్సిన హోల్) అదే.

ఎడిన్‌బరో పక్కనే ఉన్న మసల్‌బరో పాత లింక్స్ అనే కోర్సు ఇంకా నచ్చింది. తొమ్మిదే హోల్స్, అదీ గుర్రప్పందాల మైదానం లోపల. 1874 నుంచి 1889 మధ్య ఆరుసార్లు బ్రిటిష్ ఓపెన్ గోల్ఫ్ టోర్నీ జరిగిన నేల ఇది. పందాల తేదీలు చూసుకుని వెళ్లండి.

గోల్ఫ్‌కి పేరుమోసిన ఊరు సెయింట్ ఆండ్రూస్‌కి లూకర్స్ దాకా రైలు, అక్కణ్ణుంచి బస్సు. అక్కడి ప్రసిద్ధ కోర్సు ఓల్డ్ కోర్స్‌కి 2024 వేసవి రేటు 320 పౌండ్లు. ముందుగా బుక్ చేసుకోనివాళ్లకి రెండు రోజుల ముందు తీసే బ్యాలెట్ (లాటరీ) ఉంది. పేరిచ్చిన ప్రతిసారీ మాకు మొండిచెయ్యే. కాబట్టి దీన్నే నమ్ముకుని టికెట్లు కొనొద్దు. ఆదివారం అక్కడ మామూలుగా ఆట ఉండదు, పార్కులా అందరినీ నడవనిస్తారు. ఆ కోర్సులోని పాత రాతి వంతెన స్విల్కన్ మీద ఫొటో ఉచితం. పక్కనే హిమాలయాస్ అనే పుటింగ్ గ్రీన్‌లో (బంతిని మెల్లగా దొర్లించి గుంతలో వేసే చోటు) కొద్దిపాటి పౌండ్లకే ఎవరైనా ఆడొచ్చు. ఆ గుట్టల మీద మా ఆవిడ మా ఇద్దర్నీ చిత్తుగా ఓడించింది. ఆ స్కోరు కార్డు మడిచి తన హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది.

ఆగస్టులో మాత్రం వెళ్లొద్దు. కళా ఉత్సవాల సీజన్‌లో ఎడిన్‌బరో గదుల రేట్లు ముట్టుకుంటే కాలతాయి. జూన్ అయితే రాత్రి పది దాకా వెలుగుంటుంది. చాలా కోర్సుల్లో సాయంత్రం రేటు తక్కువ, పగలంతా కోట చూసి కూడా ఒక రౌండ్ ఆడొచ్చు.