మగ తీగ అని పంపింది పూశాక ఆడదని తేలింది: హార్డీ కివీ మొక్కల రివ్యూ

మొక్కలు చేతికందిన వారానికే రివ్యూ రాయమని నర్సరీ నుంచి మెయిల్ వచ్చింది. అప్పుడే రాసి ఉంటే ఐదు స్టార్లూ ఇచ్చేసేదాన్ని. ఇప్పుడు ఐదో ఏడు నడుస్తోంది. కివీ లాంటి తీగ గురించి ఇంతకంటే ముందు రాస్తే అది పార్సిల్ మీద రివ్యూ అవుతుంది కానీ మొక్క మీద కాదు.

నేను ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నవి మూడు: రెండు ఆడ తీగలు, ఒక మగ తీగ. వీటిలో ఆడ, మగ వేర్వేరు తీగలు. కాయ ఆడదానికే, అదీ మగ పువ్వు పుప్పొడి తగిలితేనే. హార్డీ కివీ అంటే గోధుమరంగు నూగుతో కోడిగుడ్డంత ఉండే మామూలు కివీ కాదు. దీని అసలు పేరు ఆక్టినీడియా ఆర్గ్యుటా. పండు పెద్ద ద్రాక్షపండంత ఉంటుంది. తొక్క నున్నగా ఉంటుంది కాబట్టి ఒలిచే పని లేదు, అలాగే నోట్లో వేసుకోవచ్చు. అడ్డంగా కోస్తే మాత్రం లోపల అచ్చం పెద్ద కివీయే: అదే ఆకుపచ్చ, అవే నల్లటి చిన్న గింజలు. జపాన్, కొరియా, ఉత్తర చైనా, రష్యా తూర్పు కొసన ఉన్న అడవులు దీని పుట్టిల్లు. ఆడ తీగల్లో నేను ఎంచుకున్న రకం అనానస్నాయా. రష్యన్‌లో ఆ పేరుకు అనాసపండు లాంటిది అని అర్థం.

ప్యాకింగ్‌కు ఏ వంకా పెట్టలేను. మట్టి ఒలికిపోకుండా కుండీ మూతిని కాగితంతో కట్టారు, కాండానికి వెదురు పుల్ల ఊతం ఇచ్చారు. కుండీలోంచి తీసి చూస్తే వేర్లు చుట్టలు చుట్టుకోలేదు, తెల్లటి కొత్త వేర్లు కనిపించాయి. ఈ తీగకు నీళ్లు కావాలి, కానీ నీళ్లు నిలిస్తే వేరుకుళ్లు పట్టి చచ్చిపోతుంది. అందుకే జానెడు ఎత్తున మట్టి దిబ్బ పోసి దాని మీద నాటాను. మూడూ బతికాయి.

మొక్కలతో పాటు పంపిన కాగితం మాత్రం బాగా లేదు. మైనస్ 30 డిగ్రీల చలికి కూడా తట్టుకుంటుందని పెద్ద అక్షరాల్లో వేశారు. నిజమే, కానీ అది ఆకు రాల్చి నిద్రపోతున్న తీగ సంగతి. చిగురు తొడిగాక దీనంత సుకుమారం ఇంకొకటి ఉండదు. రెండో ఏడు వసంతంలో ఒక్క రాత్రి చలి సున్నాకి కొంచెం కిందికి దిగింది. తెల్లారేసరికి జానెడు పొడుగు చివుళ్లన్నీ ఉడికించిన ఆకుకూరలా వేలాడి, మధ్యాహ్నానికి నల్లబడ్డాయి. మూడు వారాల తర్వాత కింది కణుపుల నుంచి మళ్లీ చిగురించాయి గానీ ఆ మూడు వారాలూ నాకు నిద్ర లేదు. 'చివుళ్లకు రాత్రిపూట గుడ్డ కప్పండి' అని ఆ కాగితంలో ఒక్క ముక్క ఉంటే సరిపోయేది. పిల్లుల సంగతీ రాయలేదు. ఈ తీగ వాసన పిల్లులకు మత్తెక్కిస్తుంది. మొక్క చిన్నప్పుడు మొదలంతా పీకి పొర్లుతాయి. నేను చుట్టూ ఇనుప వల కట్టాక గానీ ఆగలేదు.

'తేలికపాటి ఊతం చాలు' అన్నది ఇంకో పొరపాటు. ముదిరిన తీగ ఒక్క సీజన్‌లో పదిహేను, ఇరవై అడుగులు సాగుతుంది, కాయ పడితే బరువూ ఎక్కువే. మేం ముందు వెదురు కర్రలతో పందిరి వేసి, మూడో ఏడు అదంతా పీకి, మనిషెత్తు స్తంభాల మీద అడ్డకమ్మీలు పెట్టి ఇనుప తీగలు లాగాల్సి వచ్చింది. మొదటి రోజే అలా వేసుకుంటే రెండుసార్లు చాకిరీ తప్పుతుంది.

ఇక అసలు విషయం. నాలుగో వసంతంలో మూడు తీగలూ పూశాయి. తెల్లని పూలు, ఆకుల చాటున కిందికి తల వంచుకుని ఉంటాయి. ఆ ఆనందంలో ఫొటోలు తీసి, తోటపని నేర్పిన స్నేహితురాలికి పంపాను. వెంటనే ఫోన్ చేసింది. "అక్కా, ఆ మూడోదాని పువ్వు ఒకటి కోసి మధ్యలో ఏముందో చూసి చెప్పు" అంది. భూతద్దం పెట్టి చూశాను. నడిమధ్యన పచ్చటి చిన్న బొడిపె, దాని నెత్తిన చక్రం పుల్లల్లా విచ్చుకున్న తెల్లటి కాడలు, వాటి చుట్టూ నల్లటి తలలతో కేసరాలు. "నల్ల కేసరాలున్నాయి కదా, మగదే" అన్నాను. "కేసరాలు ఆడ పువ్వుకీ ఉంటాయక్కా, వాటి పుప్పొడి పనికిరాదు. మగ పువ్వులో ఆ తెల్ల చక్రం ఉండదు. నీవి మూడూ ఆడవే" అంది. ఆ మూడోదానికి నర్సరీవాళ్లు కట్టిన 'మగ' అన్న ట్యాగ్ ఇంకా అలాగే ఉంది. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఒక్క మగ తీగ ఉంటే ఆరేడు ఆడ తీగలకు సరిపోతుంది. అది లేకపోతే ఈ రకానికి కాయ పడదు.

నర్సరీవాళ్లు వాదించలేదు. ఫొటోలు చూసి క్షమాపణ చెప్పి, చలికాలంలో వేరే మగ మొక్క ఉచితంగా పంపారు. వాళ్ల మర్యాదకు మార్కులు వేస్తాను. పోయిన నాలుగేళ్లను ఆ మొక్క తిరిగి తేలేదు. అది ఇంకా పూయలేదు, కాబట్టి అది మగదేనని ఈరోజుకీ నేను హామీ ఇవ్వలేను.

ఆ ఏడాది నన్ను కాపాడింది నా స్నేహితురాలే. తన మగ తీగ పూలు తడి కాగితంలో చుట్టి డబ్బాలో తెచ్చింది. ఒక్కో మగ పువ్వు పట్టుకుని నాలుగైదు ఆడ పూల మధ్య మెల్లగా రుద్దాం. పూత ఎక్కువ రోజులు నిలవదు కాబట్టి మూడు రోజులు వరసగా పొద్దున్నే అదే పని. పది రోజులకు పూరేకులు రాలి, చేత్తో రుద్దినచోట పిందెలు కనిపించాయి.

ఆ వేసవి మొదట్లోనే తన మగ తీగ నుంచి కొమ్మలు తెచ్చుకుని, వేర్లు పట్టించి మొక్కలు కట్టాను. ఇందులో లేబుల్‌ను నమ్మే పని లేదు, తల్లి పువ్వును కళ్లారా చూశాను. ఆ ఏటి కొమ్మే కావాలి. మరీ లేతది కాదు, వంచితే వంగి, ఇంకాస్త బలం పెడితే టక్కున విరిగేది. రెండు మూడు కణుపులున్న ముక్కలు పన్నెండు కోశాను. కింది కోత కణుపుకు సరిగ్గా కింద పడాలి. కింది ఆకులు తీసేసి, పై ఆకును సగానికి కత్తిరించి, మొదలును రూటింగ్ పొడిలో (వేర్లు రావడానికి వాడే మందు) అద్ది, కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు), పెర్లైట్ (తేలికపాటి తెల్లటి గుళికలు) సగం సగం కలిపిన ట్రేలో గుచ్చి, పైన పారదర్శకమైన ప్లాస్టిక్ కప్పి నీడన పెట్టాను. రోజూ నీళ్లు స్ప్రే చేశాను. మూడో వారంలో ఒకటి ఆగలేక పైకి తీసి చూస్తే కోత అంచున మీగడ రంగు బొడిపెలు ఉన్నాయి, వేర్లు లేవు. అలా పీకి చూడకండి, ఆ ముక్క ఎండిపోయింది. ఆరో వారానికి మిగతావాటిని కొద్దిగా లాగితే పట్టు తెలిసింది. మొత్తం పన్నెండులో తొమ్మిది వేరు పట్టాయి. గింజలతో పెంచుదామా అని అడిగేవాళ్లకు నా జవాబు వద్దనే. ఆడో మగో పూసేదాకా తెలియదు, తల్లి పండు రుచి వస్తుందన్న నమ్మకమూ లేదు.

పండు విషయంలో మాత్రం నర్సరీవాళ్లు చెప్పినదానికి మించే ఉంది. ఆ శరదృతువులో మొత్తం నూట నలభై కాయలు కోశాం. ఒకటి కోసి చూసి, గింజ నల్లబడ్డాక, కాయ ఇంకా గట్టిగా ఉండగానే కోయాలి. ఫ్రిజ్‌లో పెట్టుకుని కావలసినన్ని బయట పెడితే కొద్ది రోజుల్లో మెత్తబడతాయి. గట్టిగా ఉన్నప్పుడు తింటే పులుపు, నాలుక చురుక్కుమంటుంది. తొక్క కాస్త ముడత పడి, వేలితో నొక్కితే దిగేటప్పుడు తినాలి. అప్పుడు తేనెలా తియ్యగా ఉంటుంది, వెనక సన్నటి అనాస వాసన. మా అమ్మ పెద్ద కివీని ముట్టదు, ఇవి గిన్నెడు ఒక్కత్తే తినేసింది.

ఈ నర్సరీకి నేనిచ్చేది మూడు స్టార్లు. ఆడ తీగలు వాళ్ల దగ్గర నిస్సంకోచంగా కొనండి, ఆరోగ్యంగా, అడిగిన రకమే వస్తాయి. మగ తీగ మాత్రం పూసిన తల్లి నుంచి కొమ్మతో కట్టిందేనా అని ముందే రాతపూర్వకంగా అడగండి. పూస్తున్న మగ తీగ తెలిసినవాళ్ల దగ్గరుంటే కొనడమే మానేసి నాలుగు కొమ్మలు అడిగి తెచ్చుకోండి. చోటు ఒక్క తీగకే ఉన్నవాళ్లు ఇస్సాయి రకం చూడండి, అది మగ తీగ లేకుండానే కాస్తుంది. నేను కట్టిన తొమ్మిదిలో రెండు ఇప్పుడు పందిరి రెండు చివర్లా ఉన్నాయి. ఏడు మిగిలాయి, మగ తీగ లేక కాయ పడనివాళ్లు ఎవరైనా ఉంటే ఇచ్చేస్తాను.