నాలుగు చలికాలాలు, ఒక గ్రో లైటు, రెండు కరివేపాకు మొక్కలు

మేముండేది అమెరికాలో, మిన్నెసోటా రాష్ట్రంలోని మినియాపొలిస్ పక్కన ఒక చిన్న ఊళ్లో. 2021 నవంబరులో కొన్న, మొక్కలకి ఎండకి బదులుగా వెలిగే ఎల్‌ఈడీ గ్రో లైటు మా బేస్‌మెంట్‌లో ఇప్పటికి నాలుగు చలికాలాలు వెలిగింది. దాని కింద రెండు కరివేపాకు మొక్కలు, ఒక గోంగూర తొట్టి, ఏనాడూ ఒక్క మొగ్గ కూడా వెయ్యని మల్లె ఉన్నాయి. కొన్న వారానికే రాసిన సమీక్షలు నమ్మి ఒకసారి మోసపోయాను. అందుకే ఇన్నాళ్లు ఆగి రాస్తున్నాను.

ఆ మోసం సంగతి ముందు చెప్తాను. 2020లో కొన్నది గులాబీరంగు లైటు. ఎరుపు, నీలం బల్బులు మాత్రమే ఉండే రకం. పెట్టె మీద 1000 అని పెద్ద అంకె ఉంది. ప్లగ్గులో పెట్టే మీటరు కొని చూస్తే అది లాగుతున్నది 95 వాట్లు. ఆ అంకె దేనికి లెక్కో ఇప్పటికీ అర్థం కాలేదు. పైగా ఆ వెలుగులో ఆకు పచ్చగా ఉందో, పసుపుగా ఉందో, పురుగు పట్టిందో ఏమీ తెలియదు. మొక్కంతా నల్లగా కనపడుతుంది. బేస్‌మెంట్ కిటికీలోంచి ఆ గులాబీ వెలుగు బయటి మంచు మీద పడేది. పక్కింటి పెద్దాయన ఒకరోజు నవ్వుతూ "లోపల ఏం పెంచుతున్నావేంటి?" అన్నాడు. కరివేపాకు అని చెప్తే నమ్మినట్టు లేదు, గంజాయి అని ఆయన అనుమానం. మిన్నెసోటాలో 2023 ఆగస్టు 1 నుంచి పెద్దవాళ్లు ఇంట్లో గంజాయి మొక్కలు ఎనిమిది దాకా పెంచుకోవచ్చు, అందులో పూతకొచ్చినవి నాలుగు మించకూడదు. ఆ వారం ఆయన మళ్లీ ఎదురై "ఇప్పుడు నిజం చెప్పొచ్చులే" అన్నాడు. లోపలికి పిలిచి రెండు రెబ్బలు తుంచి చేతిలో పెట్టాను. వాసన చూసి కాస్త నిరాశపడ్డాడు. ఈ సంగతి అమ్మకి ఫోన్లో చెప్పడం నేను చేసిన తప్పు. "ఒరే, పోలీసులొస్తార్రా, ఆ లైటు తీసెయ్" అని నెల రోజులు పోరింది. మన దగ్గర అది జైలుకెళ్లే నేరం కాబట్టి ఆమె భయంలో తప్పు లేదు.

ఇప్పటి లైటు తెల్లది. పలకలా ఉంటుంది, ఫ్యాన్ లేదు, చప్పుడు లేదు, వెలుగు తగ్గించుకునే నాబ్ ఉంది. ధర 130 డాలర్లు, మీటరు చూపించేది 100 వాట్లు. రోజుకి 14 గంటలు వేస్తే నెలకి 42 యూనిట్లు, యూనిట్ 15 సెంట్ల చొప్పున ఆరు డాలర్ల చిల్లర. ఇండియన్ స్టోర్‌లో వాడిపోయిన కరివేపాకు ప్యాకెట్లు రెండు మూడు కొంటే అంతే అవుతుంది.

అసలు లైటు ఎందుకంటే, డిసెంబరు మూడో వారంలో మాకు పగలు తొమ్మిది గంటలు కూడా ఉండదు. మా తెనాలిలో అదే రోజున పదకొండు గంటలు. ఆ ఉన్న కాసేపూ సూర్యుడు ఇళ్ల కప్పుల మీదుగా జారిపోతాడు. మా దక్షిణం కిటికీ దగ్గర మబ్బు రోజున ఫోన్ యాప్‌తో వెలుగు కొలిస్తే 1500 లక్సు వచ్చింది. నడివేసవి మిట్టమధ్యాహ్నం ఆరుబయట లక్ష దాకా ఉంటుంది. ఈ లైటు కింద, మొక్క కొసకి అడుగున్నర పైన వేలాడదీస్తే, 14,000. తెల్ల ఎల్‌ఈడీకి లక్సుని 70తో భాగిస్తే మొక్కకి పనికొచ్చే వెలుగు లెక్క సుమారుగా వస్తుంది, అంటే 200. కరివేపాకు బతకడానికే కాదు, నెమ్మదిగా చిగురెయ్యడానికి కూడా ఇది చాలు.

చాలని ఇప్పుడు ధీమాగా అంటున్నాను గానీ, మొదటి చలికాలం అలా అనిపించలేదు. లైటు బిగించిన నెలకే ఆకులు పసుపెక్కి, పట్టుకుంటే రాలిపోవడం మొదలైంది. వెలుగు సరిపోవట్లేదని నాబ్ పూర్తిగా తిప్పి లైటుని జానెడు దూరానికి దించాను. పైనున్న చిగుళ్లు తెల్లబడి మాడిపోయాయి. కింద ఆకులు మాత్రం రాలుతూనే ఉన్నాయి. వెనక్కి పంపేద్దామని పెట్టె కూడా వెతికి పెట్టుకున్నా. జనవరిలో ఒకరోజు వంటింట్లో మాంసం ఉడికిందో లేదో చూసే థర్మామీటరు ఎందుకో కుండీ మట్టిలో గుచ్చాను. 13 డిగ్రీలు! గదిలో గాలి 20 ఉంది, కానీ కుండీ కూర్చున్నది సిమెంటు నేల మీద. ఆ నేల కింద మట్టి బాగా చల్లగా ఉంది. పైన ఎండాకాలం, కింద ధనుర్మాసం అన్నమాట. చల్లబడ్డ వేరు నీళ్లు తాగదు. నీళ్లు తాగని మొక్క మీద ఎంత వెలుగు గుమ్మరించినా శిక్షే.

పాతిక డాలర్లు పెట్టి కుండీ కింద వేసే హీట్ మ్యాట్ కొన్నాను. దాని కింద ఒక థర్మోకోల్ షీటు పరిచాను. మట్టి 24కి వచ్చింది. మూడు వారాల్లో మోడులా నిలబడ్డ కొమ్మకి ఎర్రటి చిగురు కనపడింది. లైటుని అడుగున్నర పైకి ఎత్తి, నాబ్ సగానికి కాస్త పైన ఉంచాను. అది నాలుగేళ్లుగా అక్కడే ఉంది. లైటుకి చెడ్డ పేరు తెచ్చేది సగంసార్లు నేలే అని నా అనుమానం.

రెండో శత్రువు ఎర్రనల్లి. ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ వేడికి లోపల గాలి పీచులా ఎండిపోతుంది, తేమ 20 శాతానికి పడిపోతుంది. ఎర్రనల్లికి అదే పండగ. ఆకు మీద సూదిమొన అంత తెల్లచుక్కలు, కాడల మధ్య సన్నటి సాలెగూడు కనపడితే అప్పటికే ఆలస్యమైనట్టు. తెల్ల లైటు గొప్పతనం నాకు తెలిసొచ్చింది ఇక్కడే. గులాబీ వెలుగులో ఆ చుక్కలు కనపడే అవకాశమే లేదు. పదిరోజులకోసారి మొక్కని బాత్‌రూమ్‌లోకి మోసుకెళ్లి ఆకుల అడుగున షవర్ కొడతాను. తర్వాత రెండు చుక్కల సబ్బు కలిపిన వేపనూనె చల్లుతాను, లైటు ఆపేసి. ఒకసారి ఆపకుండా చల్లితే ఆకులు మాడాయి.

అమ్మ చెప్పిందని పుల్లమజ్జిగ కూడా పోశాను. తెనాలి పెరట్లో అది గొప్ప మందు. తలుపులు మూసిన బేస్‌మెంట్‌లో, వెచ్చటి మ్యాట్ మీద, రెండో రోజుకి వచ్చిన కంపు వర్ణించను. మా నీళ్లలో సున్నం ఎక్కువ కాబట్టి ఆకు పసుపై ఈనెలు పచ్చగా ఉంటే అది ఇనుము లోపం. చీలేటెడ్ ఐరన్, అంటే మొక్క తేలిగ్గా పీల్చుకునే ఇనుము, అరచెంచా నీళ్లలో కలిపి పోస్తే సర్దుకుంది.

గోంగూరది వేరే కథ. అది రాత్రి పొడవు చూసి పూతకొచ్చే మొక్క. గంజాయి కూడా అంతేనట, గ్రో షాపులో కుర్రాడు చెప్పాడు. మన ఊళ్లో శీతాకాలం రాగానే గోంగూర పూసి గట్టిపడిపోతుంది. ఇక్కడ టైమర్ 14 గంటలకి పెడితే దానికి రోజూ వేసవే, ఫిబ్రవరిలో కూడా లేత ఆకు కోసుకున్నాం. విత్తనం కావాలని ఒక ఏడాది పది గంటలకి తగ్గించాను. వాషింగ్ మెషిన్ దగ్గరి బల్బు రాత్రిళ్లు ఎవరో ఒకరు వేస్తూనే ఉన్నారు, అది గందరగోళపడి అటూ ఇటూ కాకుండా ఉండిపోయింది. అట్టపెట్టె బోర్లించాక పూసింది. పులుపు మాత్రం ఆరుబయట గోంగూరలో సగమే. పచ్చడికి చింతపండు తగిలించక తప్పలేదు, ఈ మాట గుంటూరు వాళ్లకి చెప్పకండి.

లైటుతో లోపాలు రెండు. తోడుగా ఇచ్చిన, గుండ్రటి డయల్ తిరిగే టైమర్ కరెంటు పోయినప్పుడల్లా వెనకబడుతుంది. మేము ఇండియా వెళ్లిన మూడు వారాలు పూర్తిగా ఇరుక్కుపోయి రాత్రింబవళ్లు వెలిగింది. మొక్కలు చావలేదు గానీ ఆకులు ముడుచుకుపోయాయి. పన్నెండు డాలర్ల డిజిటల్ టైమర్ కొన్నాక ఆ టెన్షన్ పోయింది. రెండోది, పలక వీపున ఉండే డ్రైవర్ (కరెంటుని ఎల్‌ఈడీకి తగ్గట్టు మార్చే పెట్టె) చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. దాన్ని విప్పి పక్కన గోడకి బిగించాను. వెలుగు కూడా కొంచెం తగ్గింది, అదే దూరంలో 14,000 ఉండేది మొన్న 12,500 చూపించింది. నాలుగేళ్లకి అది నాకు ఎక్కువ అనిపించలేదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఆన్‌లైన్‌లో అమ్మే ఎండు గింజలు కొనొద్దు. కరివేపాకు గింజ ఎండితే మొలవదు. తెలిసినవాళ్ల కుండీలో వేరు పిలక అడిగి తీసుకోండి. ఇండియా నుంచి సూట్‌కేసులో తేవాలని చూడకండి, విమానాశ్రయంలో తీసేసుకుంటారు. బత్తాయి, నారింజ తోటల్ని పాడుచేసే తెగులుని మోసే సిల్లిడ్ అనే చిన్న పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది. ఫ్లోరిడా, కాలిఫోర్నియా లాంటి చోట్ల నుంచి మొక్కలు తెప్పించుకోవడానికి నిబంధనలున్నదీ అందుకే.

మే చివర్లో మొక్కల్ని బయట పెడతాం. లైటు కింద పెరిగిన ఆకు నేరుగా ఎండలో పెడితే ఒక్క రోజులో తెల్లబడుతుంది, వారం పాటు చెట్టునీడలో ఉంచాలి. ఈసారి పెద్ద మొక్క నా భుజం దాకా వచ్చింది. బేస్‌మెంట్ మెట్ల మలుపులో ఎలా తిప్పాలో ఇంకా తేలలేదు.