13 ఏళ్ళు నడిపిన 1973 ఆల్ఫా రోమియో 2000 జీటీవీ, అమ్మేముందు ఉన్నది ఉన్నట్టు

2012 ఏప్రిల్‌లో కొన్నా ఈ ఇటలీ బండి. నేనుండేది ఇంగ్లాండ్‌లో, కోవెంట్రీ దగ్గర, కాబట్టి రైట్ హ్యాండ్ డ్రైవ్. 13 ఏళ్ళలో 38 వేల మైళ్ళు తిప్పా, మన లెక్కలో అరవై వేల కిలోమీటర్ల పైమాటే. ఇప్పుడు అమ్మకానికి పెట్టా. గుంటూరులో అమ్మ ఒక్కతే ఉంటోంది, మేం మొత్తానికి సర్దుకుని వెనక్కి వెళ్ళిపోతున్నాం, ఈ బండిని మాత్రం వెంట తీసుకెళ్ళలేను. ఫోటోలు చూసి చాలామంది అడుగుతున్నారు ఎలా ఉంటుంది, కొనొచ్చా, రోజూ నడపొచ్చా అని, ఒక్కొక్కళ్ళకీ విడివిడిగా చెప్పేకంటే అంతా ఒక్కచోటే రాసేద్దామని.

మొదట ఆకారం గురించి, ఎందుకంటే నేను పడిపోయింది దానికే. గీసింది జార్జెట్టో జుజారో, బెర్టోనే అనే ఇటలీ డిజైన్ కంపెనీలో పనిచేస్తున్నప్పుడు, అప్పటికి ఆయనకి పాతికేళ్ళు కూడా నిండలేదు. 1963లో జూలియా స్ప్రింట్ జీటీ అని వచ్చిన బాడీయే ఇది, 1971లో 2000 జీటీవీ అయ్యేసరికి గ్రిల్లూ డాష్‌బోర్డూ మారాయి, ముందు లైట్లు రెండుండేవి దీనికి ముందు మోడల్ 1750 జీటీవీ నుంచే నాలుగయ్యాయి, అసలు గీత మాత్రం అదే. 13 ఏళ్ళ తర్వాత కూడా బండి పార్క్ చేసి నాలుగడుగులు వేశాక వెనక్కి తిరిగి చూస్తా, ప్రతిసారీ. ముందు కిటికీల్లో ఆ చిన్న మూడుమూలల అద్దం ఉంది చూడండి, తిప్పితే గాలి నేరుగా మొహానికి కొట్టేది, చిన్నప్పుడు నాన్న ప్రీమియర్ పద్మినిలో ఉండేది అచ్చం అలాంటిదే. తెనాలి నుంచి విజయవాడ వెళ్తుంటే ఆ గాలి కోసం నేనూ అన్నయ్యా ముందు సీటుకి కొట్టుకునేవాళ్ళం. పద్మిని కూడా పుట్టుకకి ఇటలీ ఫియటే కదా. ఈ బండి మొదటిసారి ఎక్కినప్పుడు నా చెయ్యి వెళ్ళింది ముందు ఆ అద్దం మీదకే.

ఇంక అసలు విషయం. ఈ బండి కొనాలనుకునేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే, ఇంజిన్ తర్వాత చూడండి, ముందు రేకు చూడండి. నేను చూడలేదు. నాకు అమ్మినతను ఒక షెడ్డు వాళ్ళ బిల్లులు దొంతర చూపించాడు, పూర్తి రిస్టోరేషన్ అని, పెయింట్ అద్దంలా మెరుస్తోంది, నేను నమ్మేశా. రెండేళ్ళు బానే గడిచింది. 2014లో వెనక టైరు మార్చడానికి జాకీ పెట్టి తిప్పుతున్నా, జాకీ లేస్తోంది కానీ బండి లేవట్లేదు. కరకరమని సౌండ్. వంగి చూస్తే జాకీ తల తలుపు కింద బాడీలోకి దిగబడిపోయింది. వేలితో గోకితే పెయింట్ ఉల్లిపొరలాగా వచ్చేసింది, దాని కింద అర అంగుళం మందం పుట్టీ, పుట్టీ వెనక అల్యూమినియం జాలీ, జాలీ వెనక ఉండాల్సిన ఇనుము లేదు, ఎర్రటి పొడి ఉంది అంతే. అలా నేల మీద కూర్చుండిపోయా చాలాసేపు.

తలుపుల కింద ఆ భాగాన్ని సిల్ అంటారు ఇక్కడ. ఈ బండికి విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్, సిల్‌లో మూడు పొరలుంటాయి, బయటిది, మధ్యది, లోపలిది, బండి నిలబడేదే వాటి మీద. బయటి పొర ఒక్కటి మార్చి పెయింట్ కొట్టేస్తే ఎవరికీ తెలీదు, మధ్య పొర లోపల కుళ్ళిపోతూనే ఉంటుంది. నాకు రెండువైపులా మూడు పొరలూ మార్చాల్సొచ్చింది, దాంతోపాటు వెనక వీల్ ఆర్చ్‌లు, స్టెప్నీ పెట్టే గుంట, ముందు బంపర్ కింద ఉండే రేకు. ఎనిమిది నెలలు పట్టింది, బండి కొన్న ధరలో సగానికి పైనే అయ్యింది. ఈసారి టింకరింగ్ చేసిన పెద్దాయన మాత్రం ప్రతి పొర వెల్డింగ్ చేసేముందు నన్ను పిలిచి చూపించేవాడు, తలుపు తీసి వేసి సందు సమానంగా ఉందో లేదో చూసుకుని అప్పుడు వెల్డింగ్ చేసేవాడు. ఆ ఫోటోలు 140 దాకా ఉన్నాయి, కొనేవాళ్ళకి అన్నీ ఇస్తా. మీరు ఏ జీటీవీ చూడ్డానికి వెళ్ళినా ఒక చిన్న అయస్కాంతం మెత్తటి గుడ్డలో చుట్టి జేబులో పెట్టుకెళ్ళండి, అంటుకోని చోట పుట్టీ ఉన్నట్టే.

ఇంజిన్ మీద మాత్రం నాకు గౌరవం రోజురోజుకీ పెరిగింది. 1962 సీసీ, అల్యూమినియం బ్లాక్, లోపల ఇనుప లైనర్లు, పైన రెండు క్యామ్ షాఫ్ట్‌లు, చైన్ మీద నడుస్తాయి, 130 హార్స్ పవర్ పైచిలుకు. బండి బరువు వెయ్యి కిలోలకి కాస్త ఎక్కువ అంతే, కాబట్టి ఆ పవర్ చాలా ఎక్కువనిపిస్తుంది. పొద్దున స్టార్ట్ చేసేముందు యాక్సిలరేటర్ మూడు నాలుగుసార్లు తొక్కి సెల్ఫ్ కొడితే రెండో ప్రయత్నంలో అందుకుంటుంది. ఆయిల్ వేడెక్కేదాకా 3 వేల ఆర్‌పీఎం దాటించను. వేడెక్కాక ఐడిల్‌లో ఆయిల్ ప్రెషర్ ముల్లు బాగా కిందకి పడిపోతుంది, మొదట్లో నా గుండె జారిపోయేది, అది దీని స్వభావమే, రేజ్ చేయగానే 4 దగ్గరికి వచ్చేస్తుందా లేదా అదే చూడాలి.

తెలిసిన జబ్బు హెడ్ గాస్కెట్, అంటే ఇంజిన్ బ్లాక్‌కీ దాని మీద మూతలా కూర్చునే హెడ్‌కీ మధ్య ఉండే పలక. బ్లాక్ నుంచి హెడ్‌కి ఆయిల్ వెళ్ళే దారుల్లో చిన్న చిన్న రబ్బరు రింగులుంటాయి ఆరు, అవి గట్టిపడితే ఆయిల్ నీళ్ళలోకి వచ్చేస్తుంది. నాకు 2016లో వచ్చింది, రేడియేటర్ మూత తీస్తే కాఫీ రంగు మీగడ. అప్పుడే హెడ్ మొత్తం విప్పి వాల్వులు చేయించి టాపెట్లు, అంటే వాల్వుల దగ్గర ఉండాల్సిన సందు, నేనే సెట్ చేశా. దీనికి స్క్రూ తిప్పి సెట్ చేసే పద్ధతి కాదు, క్యామ్ షాఫ్ట్ విప్పి వాల్వు మీద బకెట్ అని చిన్న గిన్నెలా ఉంటుంది, దాని కింద బిళ్ళలు మార్చాలి. చల్లటి ఇంజిన్ మీద ఇన్‌లెట్‌కి 0.475 నుంచి 0.50 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్‌కి 0.525 నుంచి 0.55. రెండు ఆదివారాలు పట్టింది. నేను సందు కొలిచే ఫీలర్ గేజ్ పెట్టి అంకె చెప్తుంటే మా ఆవిడ పిల్లల నోటుబుక్కులో రాసుకుంటూ, "మూడోది ఇంకోసారి చూడండి, ఇందాక వేరే అంకె చెప్పారు" అనేది. తనే కరెక్ట్. ఆ పేజీ ఇప్పటికీ బండి ఫైల్లో ఉంది. అప్పట్నుంచి ఇంజిన్ జోలికి మళ్ళీ వెళ్ళలేదు, ఆయిలు ఫిల్టరు ప్లగ్గులు తప్ప.

గేర్‌బాక్స్‌లో ఐదు గేర్లు, ఆ రోజుల్లో అది పెద్ద విషయం. గేరు రాడ్డు చేతికి ఎదురుగా వాలి ఉంటుంది, మణికట్టు తిప్పితే చాలు. కాకపోతే రెండో గేరు సింక్రో, అంటే గేరు సాఫీగా పడేలా చేసే భాగం, వీక్, ఇది అన్ని జీటీవీలకీ ఉన్నదే, చల్లగా ఉన్నప్పుడు తొందరపడితే గర్రుమంటుంది, మొదటి పది నిమిషాలు రెండో గేరులోకి నెమ్మదిగా వెయ్యాలి, అలవాటైపోతుంది. రైట్ హ్యాండ్ బళ్ళలో పెడల్స్ పైనుంచి వేలాడవు, నేలలోంచి వస్తాయి, దానికి మాత్రం నాకు నెల పట్టింది. బ్రేకులు నాలుగు చక్రాలకీ డిస్కులే, ఇప్పటి ట్రాఫిక్‌లో కూడా భయం లేదు.

పేరులో జీటీ అంటే గ్రాన్ టురిస్మో, దూరప్రయాణాల బండి, దాన్ని ఊళ్ళో సూపర్ మార్కెట్‌కి తిప్పి రివ్యూ రాస్తే అన్యాయం. 2018 జూన్‌లో మేమిద్దరం ఇంటి దగ్గర్నుంచి మిలన్ పక్కన అరేసే దాకా వెళ్ళాం, ఈ బండి పుట్టిన ఫ్యాక్టరీ ఉన్న ఊరు. ఫ్యాక్టరీ ఇప్పుడు లేదు, ఆల్ఫా మ్యూజియం ఉంది, 2015లో మళ్ళీ తెరిచారు, 1910 నాటి మొదటి కారు నుంచీ ఉన్నాయి లోపల. వెళ్ళడం 1,300 కిలోమీటర్ల పైనే. ఫ్రాన్స్ హైవే మీద ఐదో గేరులో 3,200 ఆర్‌పీఎం దగ్గర బండి అసలు కష్టపడదు, మాట్లాడుకోవచ్చు, అద్దాలు మాత్రం ఎక్కించుకోవాలి. స్విట్జర్లాండ్‌లో టన్నెల్ వద్దనుకుని గొట్టార్డ్ కనుమ ఎక్కాం, 2,106 మీటర్లు, అటువైపు దిగేది ట్రెమోలా అని పాత రాళ్ళ రోడ్డు, 24 మలుపులు. రెండో గేరులో పెట్టి వదిలేశా, ఇంజినే బండిని పట్టుకుని దింపింది, స్టీరింగ్‌లో ఒక్కొక్క రాయీ చేతికి తెలుస్తోంది, కింద మలుపులు మడతలు పెట్టినట్టు కనపడుతున్నాయి, మా ఆవిడ ఫోన్ పక్కన పెట్టేసి ఆ మూడుమూలల అద్దం తెరుచుకుని కూర్చుంది. నా జీవితంలో నేను నడిపిన రోడ్లలో అంత మంచి అరగంట ఇంకోటి లేదు. కోమోలో ఎండకి ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే మాత్రం వేడికి పెట్రోలు ఆవిరై రెండుసార్లు ఆగింది, బోనెట్ ఎత్తి ఇరవై నిమిషాలు ఆగితే మళ్ళీ అందుకుంది.

కష్టాలు కూడా చెప్పాలి. పవర్ స్టీరింగ్ లేదు, పార్కింగ్‌లో భుజాలు పట్టేస్తాయి. ఏసీ లేదు, జూలైలో కాళ్ళ దగ్గర పొయ్యి. కింద ఆయిల్ సంప్ అల్యూమినియంది, తగ్గులో ఉంటుంది, స్పీడ్ బ్రేకర్ల దగ్గర ప్రాణం చేత్తో పట్టుకోవాలి. వెనక సీటు పదేళ్ళలోపు పిల్లలకే. మైలేజీ లీటరుకి 8, 9 మధ్య. నవంబర్ నుంచి మార్చి దాకా నేను బయటకి తీయను, ఇక్కడ రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఇంత కష్టపడి కట్టించిన సిల్స్ దానికి బలివ్వలేను. ఇంకోటి, 2021 సెప్టెంబర్ నుంచి ఇక్కడ మామూలు పెట్రోలు ఈ10 అయ్యింది, పది శాతం దాకా ఇథనాల్, పాత రబ్బరు పైపుల్ని తినేస్తుంది, నాకు ట్యాంక్ దగ్గర పైపు చెమ్మగా కనపడింది, అన్నీ మార్పించి అప్పట్నుంచి ఇథనాల్ ఐదు శాతం లోపు ఉండే ఈ5 సూపర్ మాత్రమే పోయిస్తున్నా.

సుఖం ఏంటంటే విడిభాగాలు. దీనికి దొరకని పార్ట్ అంటూ దాదాపు లేదు, కొత్తగా తయారు చేసేవాళ్ళు యూరప్‌లో చాలామందే ఉన్నారు. ఇక్కడ నలభై ఏళ్ళు దాటింది కాబట్టి రోడ్ ట్యాక్స్ లేదు, 2018 నుంచి ఏటా చేయించే ఎంఓటీ టెస్ట్ కూడా తప్పనిసరి కాదు, నేను మాత్రం ఏడాదీ మానకుండా చేయించా, కిందనుంచి ఇంకో మనిషి చూడాలి బండిని.

చూడ్డానికి వచ్చేవాళ్ళు పొద్దున్నే రండి, ఇంజిన్ చల్లగా ఉండగా, నేను ముందే స్టార్ట్ చేసి ఉంచను. ఎత్తి చూడ్డానికి లిఫ్ట్ ఉన్న షెడ్డు పక్క వీధిలోనే ఉంది, అక్కడికి నేనే తీసుకెళ్తా. ఇప్పటికి ఉన్న లోపాలు రెండే, రెండో గేరు సంగతి పైన చెప్పా, ఇంకోటి పెట్రోలు ముల్లు పావు ట్యాంకు దగ్గర ఊగుతుంది. అయస్కాంతం మీరే తెచ్చుకోండి.