చలికాలపు ఏల్‌కి మసాలా: మరుగులోనా, వోడ్కాలోనా?

ఇంట్లో కాచే 20 లీటర్ల ముదురు ఏల్‌కి (ఏల్ ఒక రకం బీరు) దాల్చినచెక్క ఒకటి, లవంగాలు 3, కమలా తొక్క 25 గ్రాములు చాలు. తొక్క లోపలి తెల్ల పొర రానివ్వకండి, చేదెక్కుతుంది. చిక్కంతా ఎప్పుడు కలపాలన్నదే.

శ్రమ: మరుగులో, అంటే పులియబెట్టే ముందు మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) రసం కాచేటప్పుడు అయితే, పొయ్యి ఆపడానికి 5 నిమిషాల ముందు గుడ్డలో మూటకట్టి వేసి, ఆపగానే తీసేయడమే. వోడ్కా పద్ధతిలో 100 మిల్లీలీటర్లలో 5 నుంచి 7 రోజులు నానబెట్టి, వడకట్టి, సీసాల్లో నింపే రోజున కలపాలి.

ఖర్చు: తేడా ఆ కాస్త వోడ్కాయే.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. మరుగులో వేసింది వెనక్కి రాదు. లవంగం ఒక్కటి ఎక్కువైనా పంటి నొప్పి మందు వాసన. పైగా పులిసేటప్పుడు పైకి పోయే కార్బన్ డయాక్సైడ్ సువాసనను కొంత వెంట తీసుకుపోతుంది, ఎంత మిగులుతుందో ముందే చెప్పలేం. వోడ్కా సారాన్ని మాత్రం 100 మిల్లీలీటర్ల బీరులో చుక్కచుక్కగా కలిపి రుచి చూడొచ్చు. 0.2 మిల్లీలీటర్లు సరిపోతే 20 లీటర్లకు 40. గ్యాస్ పట్టాక ఘాటు పైకి తేలుతుంది కాబట్టి 35తో ఆగడం మంచిది.

రుచి: మరుగులోది మాల్ట్‌తో బాగా కలిసిపోతుంది, వోడ్కాది ముక్కుకు ముందు తగులుతుంది.

ఏ పద్ధతైనా దాల్చినపొడి వద్దు, జిగురొస్తుంది.

కొలతలు చేతికి అలవాటైన పాత రెసిపీకి మరుగే హాయి. కొత్త రెసిపీ అయినా, సగం సీసాలు మసాలా లేకుండా కావాలన్నా వోడ్కా దారే.